ఎదగని బడి

మా ఇసకమెరక ప్రాథమిక పాఠశాల ఎదగడం మానేసిందని పోయిన మార్చిలో కంప్యూటరు తేల్చింది. అప్పటిదాకా ఆ సంగతి మాకెవరికీ తెలియదు.

జరిగిందేమిటంటే, ఏడాది మొదట్లో ప్రభుత్వం వారు పిల్లలందరికీ, ఇచ్చిన నాలుగు జవాబుల్లో ఒకదాన్ని దిద్దే పరీక్ష ఒకటి పెట్టారు. ఏడాది చివర అదే మాదిరిది ఇంకోటి పెట్టారు. మొదటి మార్కులకీ చివరి మార్కులకీ మధ్య ఎంత తేడా ఉంటే ఆ బడి అంత ఎదిగినట్టు. దీనికి 'సమగ్ర అభ్యసన వృద్ధి సూచీ' అని పేరు పెట్టారు. మా పిల్లలకి మొదటి పరీక్షలో నూటికి నూరు వచ్చాయి. చివరి పరీక్షలోనూ నూటికి నూరే వచ్చాయి. హెడ్మాస్టరుగా నేనూ, రెండో టీచరుగా సత్యవేణమ్మగారూ తప్ప ఆ బళ్ళో ఇంకెవరూ లేరు కాబట్టి మేమిద్దరమే సంబరపడి పిల్లలకి జీళ్ళు పంచిపెట్టాం. జీళ్ళు ఇంకా నోట్లో ఉండగానే ఫోనులో తాఖీదు వచ్చింది. నూరులోంచి నూరు తీసేస్తే సున్నా కనుక మాది 'స్థగిత పాఠశాల' అట.

రోడ్డుకి అవతల మొగలిగరువు బడి ఉంది. అక్కడి హెడ్మాస్టరు ఏసుదాసుగారు మెతక మనిషి. పిల్లల్ని పల్లెత్తు మాట అనరు, పుస్తకం తియ్యమని కూడా అనరు. వాళ్ళకి మొదట ఇరవై ఆరు వచ్చాయి, చివర ముప్ఫై ఏడు వచ్చాయి. ఆ ఎదుగుదల చూసి అధికారులు ముచ్చటపడి ఏసుదాసుగారికి శాలువా కప్పి, బడి గోడకి పచ్చరంగు వేయించారు. ఎదగని బడిని దగ్గర్లో ఎదుగుతున్న బడిలో కలిపెయ్యాలన్నది నిబంధన. అంచేత మా పిల్లలంతా మొగలిగరువు వెళ్ళి ఎదగాలని ఉత్తర్వు వచ్చింది.

వెళ్ళడానికి ఒక్క రోడ్డే అడ్డం. అది ఆరు వరసల జాతీయ రహదారి. చేపల లారీలూ ఐసు లారీలూ దాని మీద రాత్రనక పగలనక పోతుంటాయి. మధ్యలో డివైడరూ, దాని మీద గన్నేరు మొక్కలూ ఉన్నాయి. కింద నుంచి దారి లేదు, పైనుంచి వంతెన లేదు. అధికారులైతే జీపులో టోల్‌గేటు దాకా పోయి, అక్కడ మలుపు తిరిగి రెండో వైపు నుంచి వస్తారు. కాబట్టి ఆ రోడ్డు వాళ్ళకి రోడ్డులాగే కనపడేది.

నాలుగో తరగతి నూకరత్నం తండ్రి సత్తిబాబు ఐసు ఫ్యాక్టరీలో లారీలకి ఐసు ఎత్తుతాడు. ఉత్తర్వు సంగతి విని బడికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మేస్టారండీ, ఆ లారీలు నింపేది నేనేనండి. ఆళ్ళెలా తోల్తారో నాకు తెల్సండి. పిల్లని ఆ రోడ్డు దాటించనండి, ఆయ్. బడెత్తేత్తే ఆళ్ళమ్మతో పాటు రొయ్యల షెడ్డుకి పంపేత్తాను. తలకాయలు తీసుకుంటది."

నూకరత్నం పక్కనే నిలబడి అంతా వింది. మా బళ్ళో దానంత చురుకైన పిల్ల లేదు. రోజంతా ఆ మంచునీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలలు ఒలుస్తూ కూర్చుంటుందనుకునేసరికి ఇంక ఊరుకోలేకపోయాను. మర్నాడే మండలాఫీసుకి వెళ్ళాను.

మా మండల విద్యాధికారి త్రినాథరావుగారు చెడ్డవారు కాదు. కుర్చీలో ఉన్నంతసేపూ ఉత్తర్వు భాషలో మాట్లాడతారు, లేచి నిలబడితే మామూలు తెలుగులోకి దిగుతారు.

"హెచ్చెమ్ గారూ, మీ విద్యార్థులకు సర్వమూ వచ్చును. అందు వివాదము లేదు" అన్నారు కూర్చుని. "అయితే వచ్చియుండుట అనునది స్థితి. ప్రభుత్వము వారు స్థితిని కొలుచుట లేదు, వృద్ధిని కొలుచుచున్నారు."

"నూరు దాటాక ఇంకెక్కడికి పెరగమంటారండీ?"

"అది విద్యాపరమైన ప్రశ్న. నేను పరిపాలనాపరంగా మాత్రమే జవాబు చెప్పగలను."

తర్వాత లేచి, తలుపు దగ్గరగా వేసి, నా భుజం మీద చెయ్యి వేశారు. "మేస్టారూ, జూన్‌లో మళ్ళీ మొదటి పరీక్ష ఉంది కదా. కాస్త తగ్గండి. తగ్గితేనే కదండీ పెరగడం. అప్పటిదాకా ఈ ఉత్తర్వు అటక మీద పెడతాను. రద్దు చేసే అధికారం నాకు లేదు, అటక మాత్రం ఉంది."

అలా మేం జూన్‌లో బడి తెరవగానే తప్పులు నేర్పడం మొదలుపెట్టాం. సత్యవేణమ్మగారు పాతికేళ్ళుగా పలక మీద తప్పు కనపడితే ఊరుకోని మనిషి. తప్పు చెప్పిన పిల్లవాణ్ణి శభాష్ అనాల్సి వచ్చిన రోజున ఆవిడ ఇంటికెళ్ళి తలంటు పోసుకున్నారట. పిల్లలకి మాత్రం పండగ్గా ఉండేది. రెండు మూళ్ళు ఎంతరా అంటే ఒకడు తొమ్మిదనేవాడు, ఇంకొకడు అరవై అనేవాడు, మూడోవాడు శనివారం అనేవాడు. వాడికి మొదటి బహుమతి ఇచ్చాం.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. నూకరత్నం మాత్రం ఎప్పుడడిగినా ఆరనే చెప్పేది. పక్కకి పిలిచి బుజ్జగించాను.

"తప్పు రాయాలమ్మా. రాస్తేనే మన బడి ఉంటుంది, నువ్వు చదువుకుంటావు."

"రాద్దామనే అనుకుంటన్నానండి. ఆరు అక్కడే కనపడతా ఉంటే ఇంకోదాన్ని దిద్దడానికి చెయ్యి రావట్లేదండి. దానికి కట్టం కలుగుద్దేమో అనిపిత్తందండి."

రెండు రోజులు దిగులుగా తిరిగి, చివరికి తనే ఉపాయం కనిపెట్టింది. ముందు లెక్క చేసి సరైన జవాబేదో తేల్చుకోవాలి. దాని మీద రబ్బరు పెట్టి కప్పెయ్యాలి. పైకి కనపడుతున్న మూడింట్లో ఏదో ఒకటి దిద్దాలి. ఇది బడంతటికీ నేర్పింది. పరీక్ష రోజున పిల్లలందరూ రబ్బర్లు అడ్డం పెట్టుకుని, ఒక్క పొరపాటు కూడా రాకుండా తప్పులు రాశారు. బడి మొత్తానికి సున్నా వచ్చింది. ఈసారి జీళ్ళు పంచలేదు గానీ లోపల్లోపల సంతోషించాం.

వారం తిరక్కుండా రాజధాని నుంచి సూచీ కన్సల్టెంటు దిగాడు. పేరు నిఖిలేష్. నా పాత శిష్యుల వయసు కుర్రాడు, వాన చుక్క తగలని బూట్లు. లాప్‌టాప్ తెరిచి చాలాసేపు నిట్టూర్చాడు.

"సర్, ఇది గణాంకపరంగా అసంభవం" అన్నాడు. "నాలుగు జవాబుల్లో ఒకటి సరైనది. బొత్తిగా ఏమీ తెలియని విద్యార్థి గుడ్డిగా దిద్దినా నూటికి పాతిక వచ్చి తీరుతుంది. పొరపాటున కూడా ఒక్కటీ రైటు కాలేదంటే ప్రతి ప్రశ్నకీ జవాబు తెలిసే ఉండాలి. మీ పాఠశాలలో పెద్ద ఎత్తున జ్ఞానం నిల్వ చేశారు."

వెంటనే నాకు సంజాయిషీ నోటీసు ఇచ్చారు. 'దురుద్దేశంతో జ్ఞానాన్ని దాచుట' అన్నది అభియోగం. విచారణకి సాక్షిగా నూకరత్నాన్ని పిలిచారు. నిఖిలేష్ వంగి, మెత్తగా అడిగాడు.

"నలభై ఎనిమిదిని ఆరుతో భాగిస్తే ఎంత పాపా?"

అది నా వంక చూసింది. "ఇది పరీచ్చాండి, ఉత్తినేనాండి?"

"ఉత్తినే అమ్మా" అన్నాడతను.

"అయితే ఎనిమిదండి."

"స్పష్టమైన సాక్ష్యం" అని నిఖిలేష్ బరువుగా టైపు చేసుకున్నాడు. త్రినాథరావుగారు తల పట్టుకున్నారు.

అయినా ప్రభుత్వం వారు దయగలవారు. మాకు అజ్ఞానం లేకపోవడం మా తప్పు కాదనీ, తగిన శిక్షణ అందకపోవడమే కారణమనీ తీర్మానించి, 'సహజ అజ్ఞాన సామర్థ్య పెంపు' అనే శిక్షణ ఏర్పాటు చేశారు. మండలాఫీసు హాల్లో ఫ్లెక్సీ కట్టారు, జ్యోతి వెలిగించారు. ఏమీ రాని పిల్లవాడు పరీక్షలో ఎలా కూర్చుంటాడో నిపుణులు వచ్చి అభినయించి చూపారు. ముందు ఫ్యాను వంక చూస్తాడు, తర్వాత పెన్సిలు కొరుకుతాడు, ఆపైన అన్నిటికీ 'బి' దిద్దేస్తాడు. 'బి' అన్నది శాస్త్రీయంగా నిర్ధారణ అయిన అక్షరమనీ, దాన్ని నమ్ముకున్నవాడికి పాతిక ఖాయమనీ చెప్పారు. చివర్న అధికారులకీ ఉపాధ్యాయులకీ కలిపి ఒక పరీక్ష పెట్టారు. త్రినాథరావుగారు ఎలాంటి ప్రయత్నమూ లేకుండా మొదటి శ్రేణిలో నెగ్గారు.

శిక్షణలో ఆఖరి అంకం క్షేత్ర పరిశీలన. అజ్ఞానాన్ని దాని సొంత చోట చూసి నేర్చుకోవాలని మా పిల్లల్ని వారం రోజులు వ్యానులో టోల్‌గేటు చుట్టూ తిప్పి మొగలిగరువు బడికి తీసుకెళ్ళారు. అక్కడే ప్రమాదం జరిగింది.

మా బళ్ళో ఒక అలవాటుంది. మధ్యాహ్నం భోజనానికి వరసలో నిలబడ్డప్పుడు పిల్లలు ఎక్కాలు పాడుతూ, ఒక్కో మెట్టుకి ఒక్కో అడుగు వేస్తూ కదులుతారు. తోపులాట లేకుండా ఉంటుందని సత్యవేణమ్మగారు పెట్టిన పద్ధతి. మా పిల్లలు మొగలిగరువులోనూ అలాగే పాడుతూ కదిలారు. పాడితే వరస తొందరగా జరుగుతోందని కనిపెట్టి ఆ ఊరి పిల్లలూ అందుకున్నారు. ఆకలి మీద నేర్చుకున్నది ఎక్కడికి పోతుంది? మూడో రోజుకి పన్నెండో ఎక్కం దాకా వచ్చేశారు. ఇది చాలదన్నట్టు నూకరత్నం తన పళ్ళెంలోని ఉడికిన గుడ్డుని దారంతో కోసి, సగం, పావు, అరపావు అంటూ చుట్టూ కూర్చున్నవాళ్ళకి భిన్నాలు చెప్పి, ముక్కలు పంచిపెట్టింది.

మా గొడవ మూలాన మండలం మొత్తానికి మొదటి పరీక్ష మళ్ళీ పెట్టారు. మా పిల్లలు ఫ్యాను వంక చూసి, పెన్సిళ్ళు కొరికి, 'బి' దిద్ది, సరిగ్గా పాతిక తెచ్చుకున్నారు. 'ఆదర్శప్రాయమైన అజ్ఞానము' అని మెచ్చుకుంటూ కాగితం వచ్చింది. మొగలిగరువుకి తొంభై వచ్చాయి.

ఏసుదాసుగారు ఆటో కట్టించుకుని టోల్‌గేటు చుట్టూ తిరిగి మా బడికొచ్చారు. కండువాతో కళ్ళు ఒత్తుకుంటున్నారు.

"అన్యాయం చేసేశారండి మేస్టారూ. ఇరవయ్యేళ్ళుగా ఎంతో జాగర్తగా కాపాడుకొచ్చేనండి. ఏడాదికి పది మార్కులు, అలా పెంచుకుంటా రిటైరైపోదామనుకున్నానండి. మీ పిల్ల ఎవత్తో ఒక్క గుడ్డుతో మొత్తం పాడుచేసేసింది. ఇప్పుడు తొంభై నించి మేమెక్కడికి ఎదుగుతామండి?"

"మళ్ళీ మర్చిపోయేలా చెయ్యడానికి వీల్లేదంటారా?"

"అదీ చూశానండి. ఎక్కాలు పాడద్దని బెత్తం తీశాను. ఇంటికెల్లి ఆళ్ళ చెల్లెళ్ళకి నేర్పేత్తన్నారు."

నాకు నిజంగానే జాలేసింది. ఆయనకి టీ ఇప్పించి పంపాను.

ఈ ఏటి నుంచి ఎదుగుదలని ఆరు నెలలకే కొలుస్తామని అర్ధ సంవత్సర పరీక్ష పెట్టారు. ఈసారి తెలిసిందంతా రాయండర్రా అని పిల్లలకి చెప్పాం. మాకు నూరు వచ్చాయి. పాతిక నుంచి నూరు, జిల్లాలో అంత ఎదుగుదల ఇంకెవరికీ లేదు. మొగలిగరువు తొంభై దగ్గరే ఆగిపోయింది. సాయంత్రానికల్లా కంప్యూటరు ఉత్తర్వు ఇచ్చింది. స్థగితమైన మొగలిగరువు బడిని, ఎదుగుతున్న ఇసకమెరక బడిలో కలిపెయ్యాలి. సత్తిబాబుకి కబురు చేసి, మీ పిల్ల చదువుకి ఇంక ఢోకా లేదయ్యా అని చెప్పాను.

మర్నాడు త్రినాథరావుగారు స్వయంగా వచ్చారు. కూర్చోకుండా నిలబడే మాట్లాడారు కాబట్టి కబురు చెడ్డదని తెలిసిపోయింది.

"మేస్టారూ, అటక మీది ఉత్తర్వు దొరికేసింది. కంప్యూటరు వెతికి పట్టుకుంది. మీ బడిని మొగలిగరువులో కలపమన్నదీ అమల్లోనే ఉంది, వాళ్ళ బడిని మీలో కలపమన్నదీ అమల్లోనే ఉంది. నెలాఖరుకి రెండూ అయిపోవాలి."

"ఒకటి కొట్టెయ్యండి సార్."

"కొట్టెయ్యడానికి కంప్యూటర్లో గడి లేదండీ. రాజధానికి ఫోను చేసి అడిగాను. మీ పిల్లలు అటు వెళ్ళాలట, వాళ్ళ పిల్లలు ఇటు రావాలట. మధ్యలో ఎదురుపడితే ఎడమ పక్క నుంచి నడవమన్నారు."

ఆయన ఉండగానే కబురు తెలిసి వచ్చిన సత్తిబాబు ఈసారి గుమ్మం దాకా కూడా రాలేదు. గేటు బయటే నిలబడి "పద తల్లీ" అన్నాడు. నూకరత్నం ఏడవలేదు. సంచి సర్దుకుని, తన రబ్బరు పక్కపిల్లకి ఇచ్చేసింది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల కోసమని తప్పులు నేర్పాను, అజ్ఞానం నేర్పాను, చివరికి మిగిలింది ఇదా అని నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడు సత్యవేణమ్మగారు సుద్దచేతులు దులుపుకుంటూ బయటికొచ్చి త్రినాథరావుగారి ముందు నిలబడ్డారు.

"సార్, మీకు కావలసింది మా పిల్లలు మొగలిగరువు బళ్ళో ఉండడం. వాళ్ళ పిల్లలు ఇసకమెరక బళ్ళో ఉండడం. అంతేనాండీ?"

"అంతేనమ్మా."

"అయితే ఆ బడి పేరు బోర్డు తెచ్చి ఇక్కడ పెట్టండి, ఈ బోర్డు పట్టుకెళ్ళి అక్కడ పెట్టండి. పిల్లలు ఎక్కడివాళ్ళక్కడే ఉంటారు."

త్రినాథరావుగారు ఆలోచించారు. కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు. "అనగా విద్యార్థి పాఠశాలకు పోవుటకు బదులు పాఠశాలయే విద్యార్థి వద్దకు వచ్చును. ఇది మిక్కిలి వినూత్నము" అన్నారు.

నేను గేటు దగ్గరికి పరిగెత్తాను. "సత్తిబాబూ, పిల్ల రోడ్డు దాటక్కర్లేదు. బోర్డు దాటుతుంది."

సత్తిబాబు కాసేపు లెక్క చూసుకున్నాడు. "బోర్డయితే ఎల్లనివ్వండి. దానికి అమ్మా నాన్నా లేరు కదండీ."

బోర్డుల్ని జీపులో వేసి తీసుకుపోతే పోయేది. కాని విలీనాన్ని నమోదు చేసే యాప్ ఒకటుంది. పిల్లలు నడవబోయే దారి కిలోమీటరు లోపే ఉందని రుజువు కోసం ఆ దారినే నడుస్తూ, అడుగడుక్కీ బోర్డుతో సహా ఫొటో తియ్యాలి. జీపెక్కితే యాప్ ఒప్పుకోదు. అంచేత ఒక సోమవారం పొద్దున్న త్రినాథరావుగారూ నిఖిలేషూ మా రేకు బోర్డుని చెరో పక్కా పట్టుకుని ఇటు నుంచి బయల్దేరారు. ఏసుదాసుగారూ వాళ్ళ అటెండరూ తమ బోర్డు పట్టుకుని అటు నుంచి బయల్దేరారు. మా పిల్లలు ప్రహరీ ఎక్కి కూర్చున్నారు.

ఎలా చేరారో గానీ నలుగురూ డివైడరు మీదికి చేరారు. అక్కణ్ణించి కదల్లేకపోయారు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అక్కడ ముందు చేపల లారీ, వెనక ఐసు లారీ. ఒకటి పోయేలోపల ఇంకొకటి. గన్నేరు కొమ్మలు పట్టుకుని నిలబడ్డారు. నిఖిలేష్ మాత్రం అడుగడుక్కీ ఫొటో తియ్యాలి కాబట్టి ఉన్న చోటే అడుగు వేస్తూ ఫొటోలు తీస్తున్నాడు. అంతలో ఒక పెద్ద లారీ పక్కనుంచి రయ్యిమని పోయింది. మా బోర్డు వాళ్ళ చేతుల్లోంచి ఊడి, లారీ వెంట గిరికీలు కొడుతూ రోడ్డు మీద పడింది. వెనక వచ్చిన లారీ దాన్ని తొక్కుకుంటూ పోయింది. దాన్ని చూసి అదిరిపడ్డ ఏసుదాసుగారు తమ బోర్డునీ వదిలేశారు, అదీ చక్రాల కింద పడింది.

త్రినాథరావుగారు డివైడరు మీంచి నాకు ఫోను చేశారు.

"మేస్టారూ, ఇక్కణ్ణించి ఎలా రావాలండీ?"

"పిల్లల కోసం మీరు ఖాయం చేసిన దారేనండి. ఉత్తర్వులో ఉంది."

"వేళాకోళానికి వేళా పాళా ఉండాలి మేస్టారూ. నాకు షుగరుంది" అన్నారాయన.

సత్తిబాబు ఎర్ర తువ్వాలు ఊపుకుంటూ రోడ్డు మీదికి దిగాడు. డ్రైవర్లందరూ తెలిసినవాళ్ళే కనుక లారీలు కీచుమంటూ ఆగాయి. త్రినాథరావుగారిని ఒక చేత్తోనూ, నిఖిలేష్‌ని ఇంకో చేత్తోనూ పట్టుకుని ఇవతలికి నడిపించుకొచ్చాడు. మిగతా ఇద్దరూ అటు దాటిపోయారు. గేటు దగ్గర చేతులు వదిలి చాలా మర్యాదగా అన్నాడు.

"రోజూ రెండు పూటలా మా పిల్ల దాటాలన్నారండి ఈ రోడ్డు. నాకేమో డ్యూటీ ఉంటదండి."

త్రినాథరావుగారు కుండలో నీళ్ళు ముంచుకుని తాగారు. ప్రహరీ మీద కూర్చున్న నూకరత్నం వంక చాలాసేపు చూశారు. ఆయన ఉత్తర్వు భాషలో గానీ మామూలు భాషలో గానీ మాట్లాడకపోవడం నేను అదే చూడ్డం.

రెండు రోజుల తర్వాత ఫోను చేశారు. "మేస్టారూ, బోర్డు ఫొటో లేనిదే యాప్ విలీనాన్ని తీసుకోవడం లేదు. కొత్త బోర్డుకి దరఖాస్తు పెడదామంటే పాత బోర్డు ఫొటో జత చెయ్యమంటోంది. అంచేత సూచీ లెక్కలో ప్రస్తుతానికి మీ బడీ లేదు, వాళ్ళ బడీ లేదు. లేని బడిని కలపడానికి వీల్లేదు. లేని బడికి పరీక్ష పెట్టడానికీ వీల్లేదు. మీ జీతాలు వేరే కంప్యూటర్లో ఉన్నాయి, భయపడకండి."

"బోర్డు సంగతి ఎవరైనా అడిగితే?"

"నేనే అడగాలి. నేను అడగను" అని పెట్టేశారు.

మర్నాడు బళ్ళో ఏం చెయ్యాలో నాకూ సత్యవేణమ్మగారికీ కాసేపు తోచలేదు. మార్కులు పెంచక్కర్లేదు, తగ్గించక్కర్లేదు. పిల్లలు మా మొహాలు చూస్తున్నారు, మేం వాళ్ళ మొహాలు చూస్తున్నాం. నూకరత్నం చెయ్యెత్తింది.

"మేస్టారండీ, లారీ గాలి బోర్డుని అవతలికి తోసెయ్యాలి కదండి. దాని వైపుకి ఎందుకు లాగేసుకుందండి?"

"నాకు తెలీదమ్మా" అన్నాను. ఇన్ని నెలలుగా ఆ బళ్ళో తెలిసినవాళ్ళు తెలియనట్టూ, తెలియనివాళ్ళు తెలిసినట్టూ మసులుతున్నాం. నిజంగా తెలియని మాట ఒకటి దొరికేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

సత్యవేణమ్మగారు బీరువాలోంచి మిగిలిపోయిన జవాబు పత్రాలు రెండు తీసి, ఎదురెదురుగా వేలాడేలా పట్టుకుని, మధ్యలో ఊదమన్నారు. నూకరత్నం బుగ్గలు పూరించి ఊదింది. విడిపోవాల్సిన కాగితాలు దగ్గరికొచ్చి అతుక్కున్నాయి. పిల్లలందరూ తమకీ కాగితాలు కావాలని ఒక్కసారిగా బీరువా మీద పడ్డారు. మధ్యాహ్నం భోజనం గంట కొట్టినా ఒక్కడూ లేవలేదు.